పారసీక రాజవంశములును మన చరిత్రకారులును

పారసీక దేశమును గూర్చి తెలుగున వెలువడిన వ్యాసములను, పాఠపుస్తకములలోని ప్రకరణములను ఈ నడుమ కొన్నింటిని వరుసగా చదివితిమి. వాని పోకడ యంతయు నొక్కటియే. సైరసు రాజ్యమును స్థాపించెను. డేరియసు దానిని విస్తరింపజేసెను. జెర్క్సిసు గ్రీసుపై దండెత్తి పరాభవము నొందెను. అలెగ్జాండరు వచ్చి పెర్సిపోలిసు నగరమును దగ్ధము గావించెను. పిదప అర్షకులు, పిదప ససానీయులు, పిదప అరబ్బులు. ఒక వంశ మస్తమించుటయు నింకొక వంశ ముదయించుటయు సూర్యచంద్రుల గమనమువలె నిర్విచారముగా వర్ణింపబడియున్నది. ప్రతి వంశమునకును ఒక మూలపురుషుడు, ఒక మహారాజు, ఒక దుర్బలుడు, ఒక హంతకుడు. పేర్లు మార్చినచో ఒక ప్రకరణమును వేరొక ప్రకరణమునకు బదులు పెట్టవచ్చును, చదువరి కనిపెట్టలేడు.

మా బంధువుల యింట పండ్రెండేండ్ల బాలిక యొకతె పరీక్షకై ఇట్టి పట్టికనే వల్లెవేయుచు, నడుమ నాగి, "మామయ్యగారూ, ఇంతమంది రాజులు గదా, వీరికి అమ్మలు లేరా?" అని మమ్మడిగినది. మేము నవ్వి యూరకుంటిమి. సమాధానము తెలియకయే నవ్వితిమని ఇప్పుడొప్పుకొనుచున్నాము.

ఆ ప్రశ్న మమ్ము వదలలేదు. పారసీక రాజుల కథను మరల మొదటినుండి, ఈసారి వేరొక కంటితో చదువుటకు అదియే కారణమైనది. చదివిన పిమ్మట మాకు గలిగిన యభిప్రాయమును దాచుకొనక చెప్పుచున్నాము: వంశావళిని చరిత్రమని బోధించుట బాలురకు చేయు నపచారము; బాలికల కంతకంటె పెద్ద యపచారము. పారసీక దేశమే ఇందుకు మంచి సాక్షి. ఏలయన, రాజులను గూర్చి యచ్చట పలికినన్ని గొప్పలు వేరొకచోట పలికియుండరు. ఆ గొప్పలు పొల్లని చూపు తార్కాణములును అచ్చటనే సమృద్ధిగా లభించుచున్నవి.

ఆ గొప్పలలో తుదిది, మిక్కిలి ఖరీదైనది, 1971వ సంవత్సరము అక్టోబరు మాసమున జరిగినది. నాటి రాజు మహమ్మదు రెజా పహ్లవీ, సైరసు స్థాపించిన రాజరికమునకు 2500 ఏండ్లు నిండినవని పెర్సిపోలిసు శిథిలముల చెంత మహోత్సవము చేసెను. ఎడారిలో గుడారముల పురమొకటి వెలసినది. విందు సిద్ధపరచినవారు పారిసులోని మాక్సిము భోజనశాలవారు. దేశదేశముల రాజులును అధ్యక్షులును వచ్చి కూర్చుండిరి. రాజు సైరసు సమాధియెదుట నిలిచి, మేము మేలుకొనియున్నాము గావున నీవు నిశ్చింతగా నిద్రింపుమని యా చక్రవర్తికి విన్నవించెను. అంతటితో తృప్తి కలుగలేదు. 1976లో దేశపు పంచాంగమునే మార్చి, సైరసు పట్టాభిషేకము మొదలుకొని లెక్కించి, ప్రజలను రాత్రికి రాత్రి 2535వ సంవత్సరములోనికి త్రోసిరి. మూడేండ్లు గడవకమునుపే ఆ లెక్క విడువవలసి వచ్చెను. 1979 జనవరి 16వ తేదిని రాజు దేశమును విడిచెను. మరల తిరిగి రాలేదు.

ఇంతకును ఈ రాజవంశము ప్రాయమెంత? ఇతని తండ్రి రెజాఖాను కొసాకు దళమున సేనాని. 1921లో సైన్యముతో రాజధానిపైకి వచ్చెను. 1925 డిసెంబరున రాజయ్యెను. 2500 ఏండ్ల వారసత్వమును చాటిన యుత్సవమునాటికి ఆ వంశమునకు వయస్సు 46 ఏండ్లు. మన యిండ్లలో నింతకంటె పాత పందిరిమంచములున్నవి.

అవిచ్ఛిన్నమను మాటను కొంచెము పరీక్షింతము. క్రీ. పూ. 330లో అకెమెనీయుల రాజ్యమంతరించెను. తరువాత పాలించినవారు గ్రీకులు. వారిని తరిమిన అర్షకులు ఈశాన్యమునుండి వచ్చినవారు. ససానీయులు క్రీ. శ. 224 మొదలు 651 వరకు ఏలిరి. పిమ్మట ఖలీఫాల యధికారము; దాని నీడలో సామానీయులు, బూయీలు; పిదప తురుష్కులైన ఘజ్నవీలు, సెల్జూకులు; పిదప చెంఘిజుఖాను మనుమడు హులాగు, అతని సంతతి; పిదప తైమూరు, నల్లగొఱ్ఱె తెల్లగొఱ్ఱె బిరుదుల తుర్కుమానులు. 1501లో సఫవీలు. 1722లో ఆఫ్గనులు. ఈ పట్టికలో నవిచ్ఛిన్నమైన దేది? నేల యొకటి, దానిని దున్నినవారు, వారు మాటలాడిన భాష. రాజులలో సగముమంది ఆ భాషను ఇంట మాటలాడినవారు గూడ కారు. భాషను నిలిపినవారు కవులు, గుమాస్తాలు, తల్లులు. కిరీటము దారమువలె సాగినదనుట శుద్ధ యసత్యము; అది యెన్నిమారులు తెగినదో లెక్కించుటకే చరిత్రము కావలెను.

ఇందు మరియొక విశేషము గలదు. ఏ సైరసు పేర నుత్సవము జరిగెనో, ఆ సైరసును అతని దేశమే వేయేండ్లకు పైగా మరచియుండెను. ఫిరదౌసి 1010 ప్రాంతమున ముగించిన షానామాలో సైరసను పేరుగల చక్రవర్తి లేడు. నాలుగున్నర శతాబ్దములకు పైగా పాలించిన అర్షకులకు ఆ మహాగ్రంథమున దక్కినవి యే కొన్ని ద్విపదలో. పెర్సిపోలిసు స్తంభములను జనులు జమ్షీదు సింహాసనమనిరి. సైరసు సమాధి సోలోమోను తల్లి సమాధి యని చెప్పుకొనిరి. (అచ్చట నొక తల్లి పేరైన వినబడినదని ఆ బాలిక సంతోషించును కాబోలు.) రాజుల కీర్తి శాశ్వతమని మన ప్రబంధములలో ఎన్నో కృత్యవతారికలు ప్రమాణము చేసినవి. చక్రవర్తి సమాధియే వేరొకరి పేర చెలామణి యైనప్పుడు ఆ ప్రమాణమేమైనది?

మరపునుండి వారిని లేవనెత్తినవి శాసనములు. శాసనములు సత్యము చెప్పునా? బెహిస్తూను కొండపై డేరియసు మూడు భాషలలో చెక్కించిన కథ యిట్లున్నది: సైరసు కుమారుడు బర్దియ మునుపే రహస్యముగా చంపబడెనట, గౌమాతుడను మాంత్రిక పురోహితుడు తానే బర్దియనని నటించి రాజ్యమాక్రమించెనట, ఆ వంచకుని డేరియసు వధించి ధర్మమును నిలిపెనట. చచ్చినవానిని తల్లియు, భార్యలును, సైన్యమును గుర్తింపలేకపోయిరని మనము నమ్మవలెను. నిజమైన బర్దియనే చంపి, ఈ కథ నల్లెనని చరిత్రకారులలో పెక్కండ్రు తలచుచున్నారు. మాకును అట్లే తోచుచున్నది. పిదప నతడు సైరసు కుమార్తెలను వివాహమాడెను. అసత్యమును నిందించుచు ఇంత పొడవైన శాసనము చెక్కించినవానియందే అసత్యపు శంక యింత బలముగా నుండుట వింత. అదే శాసనమున, తిరుగుబాటు చేసిన ఫ్రవర్తిషుని ముక్కును, చెవులను, నాలుకను కోయించి, ఒక కన్ను పెరికించి, ద్వారమున గట్టి ప్రజలకు జూపి, పిదప కొఱ్ఱు వేయించితినని రాజు స్వయముగా చెప్పుకొనినాడు. ఇది శత్రువుల నింద కాదు. తన కీర్తికై తాను చెక్కించినది.

సైరసు మట్టిస్తంభిక కథయు నిట్టిదే. 1879లో హోర్ముజ్ద్ రస్సాము కూలీలు బాబిలోను త్రవ్వకములలో జానెడు పొడవు గల పీపా వంటి మట్టిముద్ద నొకదానిని వెలికిదీసిరి. బాబిలోను భాషలో నున్న యా లేఖ సారమిది: నబొనిడసను రాజు దేవతల కపచారము చేసెను, మర్దుకుదేవుడు ఆగ్రహించి సైరసును ఎన్నుకొనెను, సైరసు యుద్ధము లేకయే నగరమున బ్రవేశించి, కొన్ని పట్టణముల దేవతలను వారి వారి గుడులకు, అచ్చటి జనులను వారి నివాసములకు పంపెను. క్రొత్తగా జయించిన నగరమున పురోహితులను మంచి చేసికొనుటకు బాబిలోను రాజులు వాడుక చేసిన పద్ధతి యిది. మంచి రాజనీతియే, కాదనము. కాని 1971లో దీనిని మానవహక్కుల మొదటి శాసనమని ప్రకటించి, దాని ప్రతిరూపమును ఐక్యరాజ్యసమితికి బహూకరించిరి. పిదప బానిసత్వమును రద్దుచేసితినని సైరసు పలికినట్లు కల్పిత వాక్యములు చేర్చిన యనువాదములు లోకమున బయలుదేరినవి. మట్టిపై నట్టి వాక్యము లేదు. ఆ కల్పిత వాక్యములనే మన పత్రికలలోను చూచితిమి. పూర్వరాజును పొగడుటకు ఆతడు చెప్పని మంచిమాటలు గూడ ఆతని నోట బెట్టవలసివచ్చిన పొగడ్త యెంతటి బలహీనమైనదో చదువరులు గ్రహింపగలరు.

ఇక న్యాయమూర్తి యని ప్రసిద్ధికెక్కిన అనూషిర్వాను. 531 మొదలు 579 వరకు ఏలిన యీ ఖుస్రూ న్యాయమును గూర్చిన కథలు పారసీ చదివిన మన పూర్వులకు కంఠస్థములు. ముసలమ్మ గుడిసెకై కోటగోడను వంకర చేసినాడన్న కథను మేమును చిన్ననాడు ముచ్చటగా వింటిమి. మన పంచతంత్రమును బుర్జూయ యను వైద్యునిచే పహ్లవీ భాషలోనికి తెప్పించినది ఈతని యాస్థానమే; అక్కడినుండియే అది అరబ్బీలోనికి, పిదప ఐరోపాలోనికి నడచినది. ఆ మేలు మరువరానిది. కాని ఆతడు దిద్దిన పన్నుల పద్ధతిని తబరీ వ్రాసియుంచినాడు. ఇరువది మొదలు ఏబది యేండ్లలోపు వారందరును తలపన్ను చెల్లింపవలెను. గొప్ప కుటుంబములవారు, సైనికులు, పురోహితులు, లేఖకులు, రాజసేవకులు చెల్లింపనక్కరలేదు. ఉన్నవానికి మినహాయింపు, లేనివానికి వసూలు. ఆస్తిని పంచుకొనుడని బోధించిన మజ్దకును, అతని యనుచరులను ఊచకోత కోయించినదియు నీ న్యాయమూర్తియే. గుడిసె కథ బాలశిక్షకెక్కినది, తలపన్ను ఎక్కలేదు.

ఇప్పుడు బాలిక ప్రశ్నకు వత్తుము. పారసీక సింహాసనముపై స్త్రీలు కూర్చుండలేదా? కూర్చుండిరి; ఎప్పుడనగా, మగవాడు మిగులనప్పుడు. 628లో షీరోయె యను కుమారుడు తండ్రియైన రెండవ ఖుస్రూను పదభ్రష్టుని జేసి, తండ్రి మరణమునకు సమ్మతించి, తన సోదరుల నందరను చంపించెను. కొన్ని నెలలలో తానును చచ్చెను. బాలుడొకడు, సేనాని యొకడు వచ్చి పోయిన పిమ్మట, 630 ప్రాంతమున ఖుస్రూ కుమార్తె బోరాను రాణి యయ్యెను. ఆమె యుద్ధము విడిచి సంధిని గోరెను, పన్ను బకాయిలను విడిచెను, వంతెనలను బాగుచేయించెను, తన పేర నాణెములు ముద్రించెను. అది కొద్దికాలపు పాలన. తరువాత చెల్లెలు ఆజర్మీదుఖ్తు. బలవంతుడైన సేనాపతి యొకడు ఆమెను పెండ్లాడగోరెను. ఆమె సమ్మతింపక వానిని చంపించెనట. వాని కుమారుడు రుస్తుము సైన్యముతో వచ్చి ఆమె కన్నులు తీయించి, చంపించెనని తబరీ కథనము. ఈ యిరువురు సోదరీమణులను మన వ్యాసకర్తలు రాజ్యక్షీణతకు నిదర్శనముగా నొక్క వాక్యమున దాటుదురు: స్త్రీలు రాజ్యమేలునంతటి దుర్దశ పట్టెనట! దుర్దశను తెచ్చినవాడు సోదరులను గోసిన షీరోయె. రోమకులతో పాతికయేండ్లు పోరి ఖజానాను ఊడ్చినవాడు తండ్రి. ఇల్లు తగులబడిన పిదప బూడిద యెత్తుటకు వచ్చిన ఆడుబిడ్డలపై నిందమోపుట మన యిండ్లలోను తెలియని సంగతి కాదు.

ఈ భ్రాతృహత్యలు ఒకరిద్దరు క్రూరుల చేష్టలని కొందరు సమాధానము చెప్పుదురు. మే మొప్పుకొనము. రాజు చనిపోయినచో ఎవరు రాజగుదురో నిశ్చయించు ధర్మము లేనిచోట, ప్రతి సోదరుడును పుట్టుకచేతనే తిరుగుబాటుదారు. గుడ్డివాడు రాజగుటకు తగడని యాచారము గలదు గనుక, కన్నులు తీయుట చంపుటకంటె దయగా నెంచబడెను. ఇస్ఫహాను నగరమును సౌందర్యనిధిగా జేసిన మొదటి షా అబ్బాసునే చూడుడు. ఆ నగరపు చౌకమును, మసీదును, వంతెనను వర్ణింపని యాత్రికుడు లేడు. ఆ మహారాజు 1615లో పెద్దకుమారుడు సఫీ మీర్జాను చంపించెను. మరి యిద్దరు కుమారుల కన్నులు తీయించెను. 1629లో తాను చనిపోవునప్పటికి రాజ్యమునకు తగిన కొడుకు మిగులలేదు. మనుమని తెచ్చి కూర్చుండబెట్టిరి. అటుపై రాకుమారులను అంతఃపురముననే బంధించి పెంచు పద్ధతి స్థిరపడినది. గుఱ్ఱమెక్కుట తెలియక, ప్రజలను చూడక, ఘోషాలో పెరిగిన మగవారు ఒక్కసారిగా సింహాసనముపైకి వచ్చిరి. ఘోషా స్త్రీలకు మేలుచేయునని వాదించువారు మనలో ఇంకను గలరు. అది మగవానిని ఏమి చేయునో తెలిసికొనగోరినచో వారు షా సుల్తాను హుసేను కథను చదువవలెను. 1694లో అంతఃపురమునుండి వెలికివచ్చి రాజైన యీతడు, 1722లో ఆఫ్గనులు ఇస్ఫహానును ముట్టడింపగా ఏమియు చేయనేరక, నెలల తరబడి నగరము ఆకలిచే చచ్చుచుండ జూచి, తుదకు తానే శత్రువు శిబిరమునకు పోయి కిరీటమును వానికిచ్చెను. ఆ ముట్టడిలో చచ్చినవారి పేర్లు ఏ వంశావళియందును లేవు.

నాదిరుషా సంగతి మనవారికి తెలిసినదే. 1739లో ఢిల్లీ వీథులలో అతని సైన్యము చేసిన హత్యలను వేరుగా చెప్పనక్కరలేదు. స్వంత కుమారుడు రెజా కులీని గ్రుడ్డివానిని జేసి, పిదప పశ్చాత్తాపముచే మతి చెడి, 1747లో తన సేనానులచేతనే చచ్చెను. ఆతని మనుమడు షారుఖు నొక శత్రువు గ్రుడ్డివానిని జేసెను. ఆ గ్రుడ్డివానినే 1796లో కజారు వంశస్థాపకుడు ఆగా మహమ్మదు తాత దాచిన రత్నములకై చిత్రహింస పెట్టించెను. ఈ ఆగా మహమ్మదును బాల్యమున నపుంసకుని జేసినవాడు నాదిరు వంశీయుడే. 1794లో కెర్మాను పట్టణము శత్రువున కాశ్రయమిచ్చినదని ఆగా మహమ్మదు అచ్చటి వేలకొలది పురుషుల కన్నులు తీయించెను. స్త్రీలను, పిల్లలను బానిసలుగా సైనికులకు పంచెను. 1797లో తన సేవకులే ఆతనిని పొడిచి చంపిరి. నడుమ నొక్కడు, షీరాజునుండి పాలించిన కరీంఖాను జెందు, షా యను బిరుదును స్వీకరింపక, ప్రజల వకీలునని పిలిపించుకొనెను. పారసీకులు నేటికిని ఇష్టముతో తలచుకొను పాలకులలో నాతడొకడు. 1779లో ఆతడు చనిపోవుటయే తడవుగా బంధువులు ఒకరినొకరు నరుకుకొనిరి. మంచిరాజు గూడ తన మంచితనమును తరువాతివానికి అప్పగింపలేడు. రాజరికమున నదియే లోపము.

"దూరదేశపు గొడవ మనకేల?" అని అడుగువా రుండవచ్చును. దూరమెక్కడిది? దర్బారు, సర్కారు, దస్తావేజు, రసీదు, సిఫారసు అను మాటలు మన నాలుకపై నున్నవి. నైజాము రాజ్యమున పందొమ్మిదవ శతాబ్ది చివరిదాక కచ్చేరి భాష పారసీయే. గోలకొండ కుతుబ్షాహీ వంశమునకు మూలపురుషుడైన సుల్తాను కులీ, హమదాను ప్రాంతమునుండి వచ్చిన నల్లగొఱ్ఱె తుర్కుమాను. వచ్చువారు మాటలను మాత్రమే తెచ్చిరా? వృద్ధుడైన యా సుల్తానును 1543లో చంపించినవాడు స్వంత కుమారుడు జమ్షీదు. అన్నగారి కన్నులు తీయించినవాడును అతడే. ఇంకొక కుమారుడు ఇబ్రహీము పారిపోయి విజయనగరమున అళియ రామరాయల చెంత ఏడేండ్లు తలదాచుకొనెను. తెలుగు కవులు మల్కిభరాముడని కొనియాడిన యా రసికునకు తెలుగుపై మక్కువ కలుగుటకు ఆ యజ్ఞాతవాసము తోడ్పడియుండును. మనకొక కృతిభర్త దొరకినాడని సంతోషింతుము గాని, అన్న కన్నులు పోయిన మాట కృతిపీఠికలలో వెదకిన దొరకునా?

టెహరాను ఖజానాలోని దర్యాయేనూరను వజ్రమును నాదిరుషా ఢిల్లీనుండి కొనిపోయెను. అది గోలకొండ సీమలోని కృష్ణాతీరపు గనులలో పుట్టినదని పండితుల యభిప్రాయము. పదునేడవ శతాబ్దిలో అట్టి గనులలో పెద్దదైన కొల్లూరును చూచిన తావెర్నియే, అచ్చట 60,000 మంది స్త్రీ పురుషులును పిల్లలును పని చేయుచుండిరని వ్రాసినాడు. పురుషులు త్రవ్వగా స్త్రీలును పిల్లలును మన్ను మోసిరట. ఆ రత్నము ఏ రాజునుండి యే రాజునకు పోయినదో చెప్పు గ్రంథములు అలమారు నిండుగా నున్నవి. మోసినవారు మన తెలుగు తల్లులు. వారి కూలి యెంతయని యడిగిన గ్రంథకర్త మాకు తారసపడలేదు.

వంశావళిని మూసి చదివినచో పారసీక చరిత్రమున నిజముగా తల యెత్తి చూడదగిన ఘట్టములు బయలుపడును. నాసిరుద్దీను షా 1848 మొదలు 1896 వరకు ఏలెను. ఆతని మంత్రి అమీరు కబీరు లంచములను అరికట్టి, జీతములు తగ్గించి, దారుల్ఫునూనను విద్యాలయమును నెలకొల్పెను. అది 1851లో తెరువబడునప్పటికి మంత్రి పదవి పోయినది. 1852 జనవరిలో కాషాను చెంత ఫీను తోటలోని స్నానశాలలో రాజాజ్ఞచే ఆతని నరములు కోసి చంపిరి. ఆతని భార్య రాజునకు తోబుట్టువు. రాజు మూడుమారులు ఐరోపా యాత్ర చేసెను. 1890లో దేశమున పొగాకు క్రయవిక్రయముల సర్వాధికారమును ఏబది యేండ్లకు ఒక ఆంగ్లేయునకు ఇచ్చివేసెను. ప్రతిఫలము ఏటికి 15,000 పౌనులు, లాభమున నాల్గవవంతు. పండించువారిని, అమ్మువారిని అడిగినవాడు లేడు.

1891 డిసెంబరున, మతపెద్ద మీర్జా హసను షీరాజీ పేర పొగాకు నిషేధాజ్ఞ వెలువడినది. బజారులు మూతపడినవి. దేశమంతటను హుక్కాలు చల్లారినవి. రాజు అంతఃపురముననే రాణులును దాసీలును హుక్కాను ముట్టమనిరి. రాజునకు సిద్ధపరచుటయు మానిరి. టెహరాను వీథులలో స్త్రీలు ముసుగులతోనే గుంపులుగా వచ్చి రాజమందిరము ముంగిట మొఱపెట్టిరి. 1892 జనవరిలో రాజు దిగివచ్చి ఒడంబడికను రద్దుచేసెను. నష్టపరిహారమునకై అయిదు లక్షల పౌనులు అప్పుచేసి, దానిని ప్రజలపైననే మోపెను. ఖడ్గమున లొంగని చక్రవర్తులను గూర్చి పుటలు పుటలుగా వ్రాయుదురు. ఇంటి ఆడువారు ఒక నిప్పుకణమును వేయక రాజును లొంగదీసిన కథ మన బాలికల పుస్తకములలో నుండవలదా?

అక్కడినుండి 1906 రాజ్యాంగమునకు దారి యేర్పడినది. రోగశయ్యపై నున్న ముజఫరుద్దీను షా ఆ యేడు డిసెంబరు 30వ తేదిని ప్రధాన శాసనముపై సంతకము చేసి, కొన్ని దినములకే చనిపోయెను. కుమారుడు మహమ్మదలీ ఆ శాసనము నెట్లు మన్నించెను? 1908 జూనులో రష్యను సేనాని చేతి క్రింది కొసాకు దళముచే ప్రజాసభపై ఫిరంగులు పేల్పించి మన్నించెను. తబ్రీజు నగరము లొంగలేదు. మరుసటి యేడు ఆతడు సింహాసనము విడిచి పరుగెత్తెను. 1911లో రష్యా తాకీదుకు సభ లొంగునను వదంతి పుట్టగా, సుమారు మున్నూరుగురు స్త్రీలు సభామందిరమునకు పోయిరనియు, వారిలో ననేకుల ముసుగుల క్రింద పిస్తోళ్లుండెననియు, నాటి కోశాధికారి, అమెరికా దేశీయుడు, మోర్గను షుస్టరు 1912లో ప్రకటించిన తన గ్రంథమున వ్రాసినాడు. సభ్యులు తడబడినచో వారిని, భర్తలను, బిడ్డలను, తుదకు తమ్మును గూడ కాల్చుకొందుమని వారు హెచ్చరించిరట. ఆ ప్రజాసభకు ప్రతినిధుల నెన్నుకొను హక్కు ఆ స్త్రీలకు లేదు. 1906 ఎన్నికల శాసనము వారిని వెలిపెట్టినది. 1963 వరకు వారికి వోటు రాలేదు. సంస్కర్తలమని చెప్పుకొను పురుషులము ఈ వాక్యమును రెండుమారులు చదువుట మంచిది.

వంశావళి పక్షమువారికి ఇంకొక వాదము మిగిలియున్నది. రాజుల పేర్లు లేనిదే కాలగణన యెట్లు? పూర్వకాలమున రాజులే గాక తెలియవచ్చువారెవ్వరు? మొదటిదానికి మా యభ్యంతరము లేదు. రాజు పేరు తేదిగా పనికివచ్చును. తేదిని తేదిగానే వాడుకొనుడు. రెండవదానికి సమాధానము పెర్సిపోలిసు మట్టిలోనే దొరకినది. 1933–34 సంవత్సరములలో చికాగో విశ్వవిద్యాలయమువారు ఆ కోట గోడలలో వేలకొలది మట్టిపలకలను కనుగొనిరి. ఎలామీయ భాషలో డేరియసు గుమాస్తాలు క్రీ. పూ. 509 మొదలు 493 వరకు వ్రాసిన బియ్యపు చీట్ల వంటివి. అచ్చట బియ్యమునకు బదులు యవలు. రాళ్లు చెక్కువానికి ఎంత, గొఱ్ఱెల కాపరికి ఎంత, ప్రయాణము చేయువానికి ఎంత పిండి, ఎంత సారాయము. పనివారి గుంపులపై పెత్తనము చేసి, క్రింది పురుషులకంటె హెచ్చు బత్తెము పొందిన స్త్రీలును అందు గలరు. రాజపత్ని యొకతెకు నూరు గొఱ్ఱెల నిమ్మని డేరియసు పంపిన తాకీదు గలదు. బెహిస్తూను కొండపై లేని దేశమంతయు ఈ పలకలలో గలదు. వీనిలో రెండువేలకు పైగా పలకల పాఠములను హాలకు పండితుడు 1969లో ప్రకటించెను. దాని మరుసటి మరుసటి యేడే ఆ గోడల చెంత గుడారములు లేచినవి. విందుకు వచ్చిన రాజులకు ఎవరైన ఈ చీట్లను చదివి వినిపించిరో లేదో!

ఆ పలకలలో ప్రసవించిన పనికత్తెల కిచ్చిన ప్రత్యేక బత్తెపు లెక్కలును ఉన్నవి. కొడుకును కన్నదానికి ఇచ్చినదానిలో సగము కూతును కన్నదానికి. ఈ సంగతి చెప్పినప్పుడు మా బాలిక, "ఆ అమ్మల పేర్లేమి మామయ్యగారూ?" అని మరల నడిగినది. పలకల యచ్చుప్రతిని తీసి చూచితిమి. సారాయము నిచ్చిన యుగ్రాణపువాని పేరు గలదు, ఊరి పేరు గలదు, రాజు ఏలుబడిలో ఎన్నవ యేడో గలదు. కన్నవారి సంఖ్య మాత్రమున్నది.